ఉర్లగడ్డకు ఉల్లిగడ్డ మర్యాద వద్దు

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది పత్తికొండ దగ్గర పల్లె. ఏటా ఉల్లి, టమాటా వేస్తాం. ఈసారి ఇంటి వెనక పది సెంట్ల ఎర్రనేలలో డ్రిప్పు పెట్టి ఉర్లగడ్డ (బంగాళాదుంప) వేసినాం. విత్తనం మా ఆయన చిక్కబళ్లాపురం పక్క నుంచి తెచ్చినాడు. నవంబరు మొదట్లో నాటి ఫిబ్రవరి రెండో వారంలో తవ్వితే పది బస్తాలు అయినాయి, దగ్గర దగ్గర ఐదు క్వింటాళ్లు. ధర బాగలేదు, దసరా దాకా ఇంట్లోనే పెట్టుకుందాం అనుకున్నాం. రేకుల షెడ్డులో ఉల్లిగడ్డల పక్కనే బస్తాలు పేర్చి, ఫ్యాను తిప్పి, రాత్రిళ్లు బల్బు వేసి ఉంచినాం. పది రోజులకే పై బస్తాల్లో గడ్డలు పచ్చబడినాయి. కొన్ని కుళ్లినాయి. చెక్కు తీసి వండితే ఏమీ కాదని మా అత్త అంటాది. పక్కింటాయన జొన్నల్లో పెట్టే బిళ్లలు పెట్టమంటాడు. ఫ్రిజ్జులో పెట్టొచ్చా? ఊరగాయ పెట్టొచ్చా? వచ్చే ఏటికి విత్తనం తీసి పెట్టుకోవచ్చా? పాత మట్టి మిద్దె ఒకటి ఉంది గానీ అంతా చీకటి, అందులోకి ఎవరూ పోరు.
– ఒక చెల్లెలు, కర్నూలు జిల్లా

చెల్లెమ్మా,

మిగతావన్నీ తర్వాత. ఆ బిళ్లలు ఇప్పటికే ఇంట్లోకి వచ్చి ఉంటే ఈరోజే బయటికి పంపించెయ్యి. జొన్నల్లో, బియ్యంలో పురుగుకు పెట్టే ఆ బిళ్ల అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో చెమ్మ తగిలితే చాలు, అందులోంచి ఫాస్ఫిన్ అనే విషవాయువు వస్తుంది. దానికి విరుగుడు మందు లేదు. మనుషులు మసలని గోదాముల్లో, ఆరిన గింజల మధ్య, ఆ పని తెలిసినవాళ్లు వాడాల్సిన మందు అది. ఉర్లగడ్డలో నూటికి ఎనభై పాళ్లు నీళ్లే. అంత తడి సరుకులో, మీరు పడుకునే ఇంటికి ఆనుకున్న షెడ్డులో ఆ బిళ్ల పెట్టడం తలుచుకుంటేనే నాకు భయం వేస్తోంది. పక్కింటాయన మంచికోరే చెప్పి ఉంటాడు. ఆయన ఇంట్లో కూడా ఉన్నాయేమో, ఈ మాట ఆయనకూ చెప్పు.

ఇక మీ అత్తగారి మాట. పెద్దామెను తప్పు పట్టలేం, మన దగ్గర ఉర్లగడ్డ ఎప్పుడూ సంతలో కొని తెచ్చుకునే సరుకే గానీ ఇంట్లో పండి రాశి పోసింది కాదు. గడ్డ పచ్చబడటం వేరు, విషం చేరడం వేరు. పచ్చదనం ఆకుల్లో ఉండే పత్రహరితమే, దానివల్ల కీడు లేదు. కానీ వెలుతురు తగిలినప్పుడు పచ్చదనంతో పాటు సోలనిన్ వంటి చేదు పదార్థాలు కూడా పెరుగుతాయి. కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు తెచ్చేవి అవే. ఉడికించినా, వేయించినా పోవు. వంద గ్రాముల గడ్డలో ఇవి 20 మిల్లీగ్రాములు దాటకూడదని లెక్క. మన వంటింట్లో దాన్ని కొలవలేం కాబట్టి ఇలా చెయ్యి. గట్టిగా ఉన్న గడ్డ మీద రూపాయి బిళ్లంత పచ్చమచ్చ ఉంటే అక్కడ లోతుగా, తెల్లటి కండ కనబడేదాకా కోసి పారేసి మిగతాది పెద్దవాళ్లు తినొచ్చు. సగం పచ్చబడింది, చుట్టూరా పచ్చబడింది, వండాక నాలుకకు చేదు తగిలింది, ఏదైనా సరే పారెయ్యాల్సిందే. పిల్లలకు మాత్రం పచ్చమచ్చ ఉన్నది అసలు పెట్టొద్దు. గొడ్లకూ వెయ్యొద్దు, వాటికీ ఇదే బాధ. దిబ్బలో గుంత తీసి పూడ్చెయ్యండి.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. మీరు చేసింది నిర్లక్ష్యం కాదు. మీకు తెలిసిన పద్ధతిలో శ్రద్ధగానే చేశారు. చిక్కల్లా ఆ పద్ధతి ఉల్లిగడ్డది కావడమే. కర్నూలు జిల్లాలో పుట్టినవాళ్లకు గడ్డ నిలవ అనగానే చేతులు ఉల్లిగడ్డ లెక్కన కదులుతాయి. గాలి తగలాలి, పొడిగా ఉండాలి, వెలుతురు ఉన్నా ఫరవాలేదు. ఉల్లికి పైన కాగితంలాంటి పొరలుంటాయి, అవి ఎంత ఎండితే లోపలిది అంత భద్రం. ఉర్లగడ్డకు ఆ కవచం లేదు. అది వేరు కూడా కాదు, మట్టిలో ఉబ్బిన కాండం. దాని కళ్లు అంటామే, అవి మొగ్గలు. వెలుతురు కనబడితే నేలపైకి వచ్చేశాననుకుని పచ్చబడుతుంది. పొడిగాలి కొడితే పల్చటి తోలులోంచి నీళ్లు పోయి ముడతలు పడుతుంది. మీ బల్బు మొదటి పని చేసింది, ఫ్యాను రెండో పని చేస్తోంది. ఉల్లికి పొడిగాలి కావాలి, ఉర్లగడ్డకు చల్లటి చెమ్మ చీకటి కావాలి. ఈ రెండింటినీ ఒకే కప్పు కింద పెడితే ఒకటి చెడటం ఖాయం.

మూడోది రేకు. గడ్డ తవ్విన తర్వాత కూడా ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. ఆ ఊపిరిలో వేడి పుడుతుంది, చెమ్మ పుడుతుంది. బస్తా మీద బస్తా పేరిస్తే నడిమి బస్తాల్లో ఆ వేడి పోయే దారి ఉండదు. మా ఇంట్లో ఒక ఏడాది ఎలుకల భయంతో ఆరు బస్తాలు రేకుల గదిలో పెట్టి, పైన టార్పాలిన్ కప్పి, తాళం వేసి పెళ్లికి పోయాం. మార్చి నెల. వారం తర్వాత వచ్చి చూస్తే గడ్డలు పైకి నిగనిగలాడుతున్నాయి. ఒకటి కోస్తే నడిమధ్యలో సిరా పోసినట్టు నలుపు. ఇంకోటి కోస్తే అదే. వేడికి తోడు ఊపిరాడకపోతే గడ్డ లోపలినుంచి చచ్చిపోతుందని నాకు ఆరోజు తెలిసింది. కుళ్లు వాసన లేదు, పురుగు లేదు, పైన మచ్చ లేదు. ఆరు బస్తాల్లో నాలుగు పోయాయి. అందుకే నీ ఉత్తరంలో రేకుల షెడ్డు అన్న మాట దగ్గర ఆగిపోయాను.

అయితే నీ ఉత్తరం ఆఖర్లో ఉన్న మట్టి మిద్దె చూసి ప్రాణం లేచొచ్చింది. ఎవరూ పోని ఆ చీకటి మిద్దే నీ గడ్డలకు ఇల్లు. అడుగు మందం గోడ, పైన చౌడు మట్టి కప్పు, కింద నాపరాయి బండలు. బయట నలభై డిగ్రీలు కాస్తున్నా ఆ లోపల గోడకు చెయ్యి ఆనిస్తే చల్లగా తగులుతుంది. మన పెద్దవాళ్లు ఎండను అలా జయించారు. ఈరోజు సాయంత్రం చల్లబడ్డాక మిద్దె ఊడ్చి, ఎలుక బొక్కలు ఉంటే గాజుపెంకులు, సిమెంటు కలిపి పూడ్చండి. బండల మీద ఇటుకలు పేర్చి, వాటి మీద వెదురు తడకో పాత నులక మంచమో వెయ్యండి. గడ్డ కింద నుంచి కూడా గాలి ఆడాలి. దాని మీద గడ్డల్ని అడుగు ఎత్తుకు మించకుండా పరవండి. బస్తాల్లోంచి దబదబా కుమ్మరించొద్దు, కోడిగుడ్లను దించినట్టు దించాలి. ఈరోజు తగిలిన దెబ్బ పదిహేను రోజులకు కుళ్లుగా బయటపడుతుంది.

పరిచేటప్పుడే ఏరాలి. పార తగిలినవి, తోలు లేచినవి, మెత్తబడినవి ఒక పక్కకు. అవి ఈ వారంలోనే వండుకోవాలి, లేదా ఒడియాలకు పోవాలి. నీరు కారుతున్నది ఒక్కటి కూడా లోపలికి పోకూడదు, ఆ నీరు తగిలినదల్లా కుళ్లుతుంది. కళ్ల దగ్గర గసగసాలంత నల్లటి రెట్ట కనబడితే అది ఉర్లగడ్డ చిమ్మెట పురుగు పని. కళ్ల దగ్గర గుడ్లు పెట్టి పోతుంది, పిల్లపురుగు లోపలికి సొరంగం తవ్వుకుంటూ పోతుంది. అలాంటివి వేరు చేసి లోతుగా పూడ్చెయ్యాలి. మిగిలిన రాశి మీద ఎండిన వేపాకు, జామాయిల్ ఆకు దొరికితే అది కూడా నలిపి, అంగుళం మందాన కప్పండి. చిమ్మెట గుడ్లు పెట్టడానికి గడ్డ దొరకదు. పై వెలుతురుకూ అది అడ్డం. బిళ్ల చేస్తుందని పక్కింటాయన అనుకున్న పనిని ఈ ఆకు చేస్తుంది, ఎవరికీ హాని లేకుండా.

గడ్డలు కడగొద్దు. అంటుకున్న మట్టి అలాగే ఉండనీ, మరీ ముద్దలుగా ఉంటే చేత్తో దులుపు, అంతే. ఒక గడ్డ తీసుకుని బొటనవేలితో తోలు మీద గట్టిగా రుద్ది చూడు. తోలు జారిపోతే అది ఇంకా ముదరలేదు. చీకట్లో, నీడలో, కాస్త చెమ్మగా పది పదిహేను రోజులుంటే తోలు గట్టిపడుతుంది, చిన్న గీతలు వాటంతటవే మానుతాయి. తవ్విన వెంటనే ఇది జరగాలి. మీకు పది రోజులు పోయాయి గానీ రాత్రిళ్లు ఇంకా చల్లగానే ఉన్నాయి కాబట్టి ఇప్పుడైనా కుదురుతుంది.

మిద్దె తలుపు రాత్రి తెరవాలి, పగలు మూయాలి. పొద్దుగూకాక తలుపూ, గవాచీ (మిద్దె కప్పులోని వెలుతురు కంత) తెరిచి చల్లగాలి పోనిచ్చి, పొద్దున ఎనిమిదికల్లా మూసెయ్యండి. పగలు గవాచి మీద గంప బోర్లించి గోనె కప్పితే వెలుతురు రాదు. మార్చి దాటాక గాలొచ్చే వైపు వాకిలికి తడి గోనె కట్టు, లోపల మూలన వెడల్పు మూతి కుండలో నీళ్లు పెట్టు. గడ్డల మీద మాత్రం నీటిచుక్క పడకూడదు. వారానికి ఒకసారి లోపలికి పోయి ముక్కుతో చూడు. కుళ్లిన గడ్డ కంటికి చిక్కేలోపే ముక్కుకు చిక్కుతుంది. వాసన వచ్చిన వైపు వెతికి, దాన్ని తీసెయ్యి.

మిద్దె లేనివాళ్లు ఈ ఉత్తరం చదువుతుంటే వాళ్లకో మాట. ఢిల్లీ పూసాలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థవాళ్లు కరెంటు అక్కర్లేని చల్లని తొట్టి ఒకటి తయారు చేశారు. చెట్టునీడలో ఇటుకలతో రెండు వరసల గోడ కట్టి, మధ్యలో మూడు అంగుళాల సందులో ఇసుక నింపి, ఆ ఇసుకను పొద్దునా సాయంత్రం తడపాలి. పైన గోనె, గడ్డి కప్పు. నీరు ఆవిరయ్యే కొద్దీ లోపల చల్లబడుతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే ఇది అంత బాగా పని చేస్తుంది, అందుకే కోస్తాలో కంటే మన కర్నూలు, అనంతపురం ఎండలకే ఇది ఎక్కువ అక్కరకొస్తుంది. చిల్లుల ప్లాస్టిక్ ట్రేల్లో పెట్టి దించితే ఒక తొట్టిలో క్వింటాలు దాకా పడుతుంది.

ఇంత చేసినా దసరా దాకా ఉంచలేవు, చెల్లెమ్మా. ఇది నీకు ఇప్పుడే చెప్పకపోతే నేను నీకు మేలు చేసినదాన్ని కాను. తవ్విన గడ్డ ఒకటిన్నర, రెండు నెలలు నిద్రపోతుంది. రకాన్ని బట్టి, వేడిని బట్టి అటూఇటూ. ఆ తర్వాత కళ్లు తెరుచుకుని మొలక వస్తుంది. ఉత్తరాదిలో మార్చిలో లోపల పెట్టి అక్టోబరులో బయటికి తీస్తారంటే అవి కోల్డ్ స్టోరేజీల్లో, రెండు నుంచి నాలుగు డిగ్రీల చల్లదనంలో ఉంటాయి. మన మట్టి మిద్దె ఎంత చల్లనిదైనా రోళ్లు పగిలే రోహిణి ఎండలో అంత చల్లదనం ఇవ్వలేదు. ఉగాది దాకా నిశ్చింత, ఏప్రిల్ ఆఖరు దాకా జాగ్రత్తగా ఉంటే చాలావరకు, ఆపైన ప్రతి వారం కొంత పోతుంటుంది.

కాబట్టి లెక్క వేసుకుందాం. మీ ఇంట్లో ఎంతమందో రాయలేదు, ఐదుగురు అనుకుందాం. రోజూ కూరైనా అర కిలో చాలు, నెలకు పదిహేను కిలోలు. ఏప్రిల్ ఆఖరు దాకా తిన్నా, వచ్చే పోయే చుట్టాలతో కలిపి అరవై కిలోలు దాటదు. ఎండబెట్టడానికి నూట ఇరవై కిలోలు తీయి, రోజుకు పది కిలోల చొప్పున పన్నెండు రోజుల పని. కుళ్లినవీ పచ్చబడినవీ ఏరేస్తే ఇంకా మూడు వందల కిలోల దాకా మిగులుతాయి. అవి అమ్మెయ్యండి. ధర బాగలేదని నాకూ తెలుసు. కానీ ఈరోజు గట్టిగా, తెల్లగా ఉన్న గడ్డకు వచ్చే తక్కువ ధర, మేలో మొలకెత్తి వడలిన గడ్డకు రాదు. అప్పుడు ఎవరూ అడగరు. మండీకి తోలేకంటే పత్తికొండలో బజ్జీల బండ్ల వాళ్లను, మెస్సుల వాళ్లను, టిఫిన్ సెంటర్లను నేరుగా అడగండి. వాళ్లకు రోజూ కావాలి. వారానికో బస్తా చొప్పున మాట్లాడుకుంటే మిద్దెలో ఉన్నంతకాలం నెమ్మదిగా తోలొచ్చు. ఊళ్లో బుడ్డలకో (వేరుశనగలకో), కందులకో మార్చుకున్నా నష్టం లేదు, అవి ఏడాది నిలవుండే సరుకు.

ఇక ఎండబెట్టడం. పచ్చి గడ్డకు శత్రువైన ఎండే కోసి ఉడికించిన ముక్కకు చుట్టం. మన మార్చి ఎండ, మన పొడిగాలి ఈ పనికి పెట్టింది పేరు, కోస్తాలో మూడు రోజులు పట్టేది మన మిద్దె మీద రెండు రోజుల్లో అవుతుంది. ముందు రాత్రి వద్దు, తెల్లారుజామున మొదలుపెట్టు. పెద్ద గడ్డలు చూసి తీసుకుని, కడిగి, చెక్కు తీసి, తీసింది తీసినట్టు నీళ్లలో వెయ్యి. లేకపోతే నల్లబడతాయి. చిప్సు పీటతో పల్చగా, అయితే చేతిలో పట్టుకుంటే చినగనంత మందంగా గీరు. రెండు మూడు నీళ్లు మార్చి కడుగు. ఆ నీళ్లు పారబోయొద్దు, ఒక గిన్నెలో గంట కదలకుండా పెడితే అడుగున సున్నం పేరినట్టు తెల్లటి గంజిపొడి దిగుతుంది. పైనీళ్లు వంచేసి ఆ పొడిని ఎండబెట్టుకుంటే బజ్జీల పిండిలో, కూరల్లో చిక్కదనానికి బాగుంటుంది.

పెద్ద పాత్రలో నీళ్లు తెర్లుతుండగా ఉప్పు వెయ్యి, మామూలుగా వేసేదాంట్లో సగమే. ముక్క ఎండి దగ్గరపడినప్పుడు ఉప్పు కూడా దగ్గరపడుతుంది. ముక్కలు కొద్ది కొద్దిగా వేసి మూడు నుంచి ఐదు నిమిషాలు ఉడకనీ. గడియారం కంటే వేలు నమ్మదగింది. ఒక ముక్క తీసి వేలికి చుట్టు. పుటుక్కున విరిగితే ఇంకా పచ్చి. విరగకుండా మడతపడి, అంచులు అద్దంలా మెరుస్తుంటే దించు. చుట్టగానే చితికితే మించిపోయింది, ఆ వాయి ఒడియాల్లోకి పోవాలి. ఈ ఉడుకు ముఖ్యం. ఉడికించకుండా ఎండబెడితే ఒక్క పూటకే నల్లబడి, వేయిస్తే చెక్కముక్కలా ఉంటుంది.

చిల్లుల గంపలో వంచి, మిద్దె మీద ఉతికిన నూలుబట్ట పరిచి, ముక్క మీద ముక్క పడకుండా వెయ్యి. పైన దోమతెరో పాత వాయిల్ చీరో కప్పితే దుమ్ము పడదు. మధ్యాహ్నం ఒకసారి తిరగెయ్యి, లేకపోతే బట్టకు కరుచుకుంటాయి. సాయంత్రం లోపలికి తెచ్చి, మర్నాడు మళ్లీ. రెండో రోజు సాయంత్రం ముక్కను విరిస్తే చిటుక్కుమనాలి. వంగితే ఇంకో పూట ఎండ కావాలి. ఆరేడు కిలోల పచ్చి గడ్డకు కిలో చిప్సు వస్తాయి, నూట ఇరవై కిలోలకు పద్దెనిమిది, ఇరవై కిలోలు. మూత గట్టిగా పడే డబ్బాల్లో పోస్తే ఏడాది ఉంటాయి. తొలకరి పడ్డాక ఒకసారి, మబ్బు విడిచిన రోజు చూసి మళ్లీ ఎండలో పెట్టి తియ్యి.

చిన్నవి, దెబ్బ తిన్నవి ఒడియాలకు. దెబ్బ తిన్న చోట కోసేసి, ఉడికించి చిదిమి, నానబెట్టి ఉడికించిన సగ్గుబియ్యం, జీలకర్ర, పచ్చిమిరపకాయ నూరింది కలిపి, పల్చగా తట్టి ఎండబెట్టు. సంగటిలోకీ, పప్పన్నంలోకీ నంజుకోవడానికి సరిపోతాయి.

నీ మిగతా ప్రశ్నలకు చిన్నగా చెబుతాను. ఫ్రిజ్జులో పచ్చి గడ్డ పెట్టొద్దు. మరీ చల్లదనానికి గడ్డలోని పిండి చక్కెరగా మారుతుంది, కూర తియ్యగా, వేపుడు మాడినట్టు నల్లగా వస్తుంది. చిప్సు తయారీ కంపెనీలు తమ గడ్డను పది, పన్నెండు డిగ్రీల దగ్గర ఉంచేది ఇందుకే. ఇప్పటికే పెట్టి ఉంటే బయట చీకట్లో రెండు వారాలు ఉంచు, చాలావరకు తీపి తగ్గుతుంది. పైన గడ్డకట్టే అరలో అయితే పచ్చివి కాదు, సగం ఉడికించి చల్లార్చిన ముక్కలు పెట్టుకోవచ్చు. ఊరగాయ వద్దు. మామిడికాయకు ఉన్న పులుపు ఉర్లగడ్డకు లేదు. పులుపు లేని దుంపను నూనెలో ముంచి గాలాడకుండా బయట నిలవ పెడితే ప్రాణం మీదికి తెచ్చే సూక్ష్మజీవి పెరిగే వీలుంది. నిమ్మరసం పిండి ఊరగాయలా చేసుకున్నా ఫ్రిజ్జులో పెట్టి రెండు మూడు రోజుల్లో తినెయ్యాలి.

విత్తనం తీసి పెట్టుకోవద్దు. నవంబరు దాకా తొమ్మిది నెలలు మన వేడిలో గడ్డ వడలి, మొలకలు పొడుగ్గా సాగి నీరసించిపోతుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. పేనుబంక మోసుకొచ్చే వైరసు తెగుళ్లు ఆ గడ్డలోనే ఉండి వచ్చే పంటకు దిగుతాయి, కంటికి కనబడవు. దిగుబడి పడిపోయాకే తెలుస్తుంది. మీ ఆయన ఈసారిలాగే కొత్త విత్తనం తేవడమే మంచిది. నాటాక మట్టి బాగా ఎగదోయమను. మట్టి పగుళ్లలోంచి గడ్డ బయటపడితే చేలోనే పచ్చబడుతుంది, చిమ్మెటా అక్కడే అంటుకుంటుంది.

మొలకల సంగతి మరిచాను. ఏప్రిల్‌లో గోరంత మొలక వచ్చి, గడ్డ గట్టిగా ఉంటే, మొలకనూ దాని కింది కంటినీ లోతుగా తీసేసి వండుకో. గడ్డ మెత్తబడి ముడతలు పడి మొలకలు వేలెడు పొడుగైతే దిబ్బకే.

బస్తాలు ఈ రాత్రికే షెడ్డులోంచి తీయండి, చల్లపూట మొయ్యడమూ తేలిక. ఉల్లిగడ్డల్ని మాత్రం కదిలించొద్దు. ఆ ఫ్యానూ ఆ పొడిగాలీ వాటికి ఉండనీ.